కనపడే స్ప్రింగు

షికాగో నగరంలోని ఆర్నాల్డ్, ష్విన్ కంపెనీ 1933లో సైకిలుకు లావు టైరు తొడిగింది. 26 అంగుళాల చక్రం, రెండంగుళాల పైచిలుకు మందం, లోపల విడి ట్యూబు, అందులో తక్కువ గాలి. అంతకు ముందు అమెరికా పిల్లలు తొక్కిన సైకిళ్ళకు సన్నటి గట్టి టైర్లుండేవి. వాటిని రిమ్ముకు జిగురుతో అంటించేవారు. ట్యూబు వేరుగా ఉండేది కాదు కనక మేకు దిగితే పంక్చరు వేయడం పెద్ద తంటా. కొత్త టైరు ఆ తంటా తీర్చింది, దానితోబాటు దారిలోని గతుకుల్ని కూడా చాలావరకు తనలోకి తీసుకుంది. చేతులకూ నడుముకూ తగిలే కుదుపు తగ్గింది. ఇదంతా అయిన ఐదేళ్ళకు, 1938లో, అదే కంపెనీ అదే లావు టైరు సైకిలుకు ముందువైపు స్ప్రింగు ఫోర్కు బిగించి అమ్మకానికి పెట్టింది. జ్వరం తగ్గాక మాత్ర వచ్చినట్టుంది ఈ వరస. కుదుపును ఆపడానికే ఆ ఫోర్కు పుట్టిందని అనుకుంటే తేదీలు తిరగబడి కనిపిస్తాయి. అలా పుట్టినది తొంభై ఏళ్ళకు దగ్గరవుతున్నా ఇంకా బతికే ఉంది. పాత సైకిళ్ళు సేకరించేవాళ్ళు తుప్పు గీకి మళ్ళీ నిలబెడుతున్నారు, సొంతంగా సైకిలు కట్టుకునేవాళ్ళు కొత్తగా చేయించుకుంటున్నారు. నా వాదం ఏమిటంటే, దాన్ని బతికించింది సౌకర్యం కాదు. పనిచేస్తున్న యంత్రాన్ని కంటితో చూడాలని, వీలైతే చేత్తో విప్పి మళ్ళీ బిగించాలని మనిషికుండే గట్టి కోరికే దాన్ని బతికించింది.

సౌకర్యం కోసం పెట్టిన స్ప్రింగులకు ఏ గతి పట్టిందో చూడాలంటే ఇంకో యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలుతో నేటి సైకిలు రూపం స్థిరపడుతున్న రోజుల్లోనే లండన్‌లో లిన్లీ అండ్ బిగ్స్ సంస్థ విప్పెట్ అనే సైకిలుకు పేటెంటు తీసుకుంది. సీటు, హ్యాండిలు, పెడళ్ళు ఈ మూడూ ఒకదానికొకటి ఎడం మారకుండా ఒకే కట్టుగా ఉండి, ఆ కట్టు మొత్తం చక్రాల మీద స్ప్రింగుతో ఊగేలా దాన్ని చేశారు. తొక్కేవాడి కాలికీ పెడలుకూ మధ్య దూరం మారకుండానే రోడ్డు దెబ్బ తగ్గించడం నిజంగా తెలివైన ఆలోచన. అప్పటి చక్రాలకు ఉన్నది గట్టి రబ్బరు పట్టీ మాత్రమే, కింద పరిచింది రాతి రోడ్డు, కాబట్టి దాని అవసరమూ నిజమైనదే. మూడేళ్ళు తిరిగేసరికి, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. మరుసటేడు అదే ఊళ్ళో విలియం హ్యూమ్ ఆ టైర్లతో పందేలు గెలిచాక ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు. కొన్నేళ్ళలోనే స్ప్రింగు ఫ్రేములు అంగళ్ళనుంచి మాయమయ్యాయి. సుఖమే కొలబద్ద అయినప్పుడు టైరు ముందు స్ప్రింగు ఓడిపోతుందని ఆనాడే తేలిపోయింది. మొదటి స్ప్రింగును గాలి టైరు చంపేసింది. రెండో స్ప్రింగు అంతకంటే మెత్తటి టైరు వచ్చాక పుట్టింది. కాబట్టి ఆ రెండోదాన్ని సౌకర్యమనే తూకంతో తూచితే మనకు దాని సంగతి ఎప్పటికీ అర్థం కాదు.

ఈ ఫోర్కు పనితీరు ముందు కాస్త దగ్గరగా చూద్దాం. స్ప్రింగర్ అని పేరుపడ్డ రకానికి మూలం మోటారు సైకిళ్ళలో ఉంది. హార్లే డేవిడ్‌సన్ కంపెనీ 1907 నుంచి వాడిన పద్ధతి అది. చక్రానికి అటొకటి ఇటొకటి కాక, రెండు జతల కాళ్ళుంటాయి. వెనక జత హ్యాండిలు కాండానికి గట్టిగా అతికి ఉంటుంది, కదలదు. దాని కొసన బొటనవేలంత చిన్న ఇనుప చేయి ఒకటి బోల్టు మీద ఆడుతుంటుంది. ఆ చేతి రెండో కొసన చక్రం ఇరుసు, నడుమ ముందు జత కాళ్ళు. చక్రం రాయెక్కితే చేయి పైకి లేస్తుంది, ముందు కాళ్ళు పైకి తోసుకుపోతాయి, హ్యాండిలు కింద కూర్చున్న స్ప్రింగు నలుగుతుంది, రాయి దాటాక మళ్ళీ విచ్చుకుంటుంది. మన ఊళ్ళలో పాలవాళ్ళు నడిపిన పాత రాజ్‌దూత్ 175 ముందు చక్రం గుర్తున్నవాళ్ళకు ఈ సూత్రం కొత్తది కాదు. అక్కడ చేయి పొడుగైనది, చక్రాన్ని వెనకనుంచి చుట్టి పట్టుకుంటుంది, అంతే తేడా. ష్విన్ 1938లో చేసింది ఇంకా తేలికైన ఏర్పాటు. ఫోర్కు కాళ్ళు పైన ఒక లావు బోల్టుకు వేలాడి కొద్దిగా ఊగుతాయి, ఆ ఊపును హ్యాండిలు కాండం దూరే హెడ్ ట్యూబు ముందు నిటారుగా నిలబెట్టిన ఒక్క స్ప్రింగు అడ్డుకుంటుంది. రెండు పద్ధతుల్లోనూ గుర్తుంచుకోవలసింది ఒకటే. బోల్టు, బుష్, కడ్డీ, స్ప్రింగు అన్నీ బయటే ఉంటాయి. దాచిన భాగం ఒక్కటీ లేదు. హ్యాండిలు మీదికి కాస్త వంగితే ఏ దెబ్బకు ఏది కదిలిందో తొక్కేవాడికి తెలిసిపోతుంది.

మరి 1938లో దీన్ని ఎవరికోసం చేశారు? అమెరికాలో అప్పటికి పెద్దవాళ్ళు కార్లెక్కేశారు. 1890ల చివర ఏడాదికి పది లక్షలు దాటిన సైకిళ్ళ తయారీ కుప్పకూలి, మిగిలిన సైకిలు పిల్లల వస్తువైంది. ఆ పిల్లాడు కలగనేది మోటారు సైకిలు గురించి, విమానం గురించి. ష్విన్ కంపెనీకి ఆ కల లోపలి మర్మం బాగా తెలుసు, ఎందుకంటే 1911లో ఎక్సెల్సియర్‌ను కొని, 1917లో హెండర్సన్‌ను కలుపుకొని, 1931దాకా మోటారు సైకిళ్ళు తయారుచేసింది ఆ కంపెనీయే. ఆర్థిక మాంద్యంలో మోటారు సైకిళ్ళు ఆపేసి సైకిళ్ళ మీదే నిలబడింది. 1934లో అది తెచ్చిన ఏరోసైకిలుకు పెట్రోలు లేని పెట్రోలు ట్యాంకు ఉంది. అదే ఏడాది జనరల్ మోటార్స్ కార్ల ముందు చక్రాలకు విడివిడి స్ప్రింగులు పెట్టి దానికి 'నీ యాక్షన్' అని పేరు పెట్టింది, మోకాలిలా మడుచుకునే పనితనం అని అర్థం. ష్విన్ తన ఫోర్కుకూ అదే మాట వాడుకుంది. పేరు కారుది, కొలిమి విద్య మోటారు సైకిలుది, కొనేది పన్నెండేళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడికి కావలసింది మణికట్టు విశ్రాంతి అని నేననుకోను. ఇనుము తన చేతుల కింద సజీవంగా కదలడం అతనికి కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికైనది కాదు. ఇదంతా మోటారు సైకిలును అనుకరించడమే కదా, దానికి యంత్రాన్ని చూడాలనే కోరిక అని పెద్ద పేరెందుకని అడగవచ్చు. అనుకరణే అసలు కారణమైతే 1949 దగ్గర కథ మలుపు తిరగాలి. ఆ ఏడాది హార్లే డేవిడ్‌సన్ పెద్ద బళ్ళకు స్ప్రింగర్ తీసేసి హైడ్రా గ్లైడ్ పేరుతో టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టింది. గొట్టంలో గొట్టం జారుతూ, లోపల నూనె, స్ప్రింగు కనపడకుండా ఉండే రకం. బీఎండబ్ల్యూ అయితే 1935లోనే ఆ దారి పట్టింది. సరిగ్గా అదే 1949లో ష్విన్ తన అన్ని సైకిళ్ళలోకీ పేరు మోసిన బ్లాక్ ఫాంటమ్‌ను విడుదల చేసింది. దాని ముక్కు మీద ఏముంది? క్రోమ్ పూత మెరిసే అదే స్ప్రింగు ఫోర్కు. ముందు నడిచే గురువు వేరే వీధిలోకి మళ్ళినా శిష్యుడు పాత వీధిలోనే నడిచాడు. కర్మాగారంలో 1938నాటి అచ్చులూ పనిముట్లూ ఉన్నాయి, వాటిని మార్చడం ఖర్చు అన్న మాట నిజమే, నేను కాదనను. కానీ అచ్చులున్నాయని పిల్లలు కొనరు. ఫాంటమ్ పదేళ్ళపాటు, 1959దాకా, ఆ ఫోర్కుతోనే అమ్ముడైంది. 1995లో కంపెనీ నూరేళ్ళ పండుగకు పాత నమూనా ఒకటి మళ్ళీ చేయాలనుకున్నప్పుడు ఎంచుకున్నదీ ఫాంటమ్‌నే, స్ప్రింగుతో సహా. అప్పటికి ఆ పాత అచ్చుల ఖర్చు లెక్క ఎవరికీ పట్టదు.

ఇదే సంగతిని ఇంకా స్పష్టంగా చూపే జత ఒకటుంది. ఇంగ్లండులో అలెక్స్ మోల్టన్ 1959 నాటి మినీ కారుకు రబ్బరు సస్పెన్షన్ రూపొందించిన ఇంజనీరు. 1962లో ఆయన 16 అంగుళాల చక్రాలతో సైకిలు తెచ్చాడు. చిన్న చక్రం తేలిగ్గా వేగం పుంజుకుంటుంది, గాలి గట్టిగా కొట్టిన సన్న టైరు సులువుగా దొర్లుతుంది, కానీ ఆ రెండూ కలిస్తే ఒళ్ళు హూనమవుతుంది. అందుకని ముందూ వెనకా స్ప్రింగులు పెట్టాడు, అవి లేకపోతే ఆ సైకిలే నిలవదు. అవసరం అంత నిజమైనది. ముందు స్ప్రింగును ఆయన హ్యాండిలు కాండం గొట్టంలో దాచేశాడు. ఆరేళ్ళ తర్వాత 1968లో ష్విన్ క్రేట్ వరస సైకిళ్ళు వచ్చాయి: నారింజ రంగుకు ఆరెంజ్ క్రేట్, ఎరుపుకు ఆపిల్ క్రేట్, పసుపుకు లెమన్ పీలర్. 1963లో ఆల్ ఫ్రిట్జ్ రూపొందించిన స్టింగ్‌రే సైకిలు వాటికి తల్లి. వెనక 20 అంగుళాల లావు చక్రం, ముందు 16 అంగుళాలది. ఆ చిన్న చక్రం వేగం కోసం వచ్చింది కాదు, డ్రాగ్ పందేల కారు ముఖం కావాలని వచ్చింది. మోల్టన్ చక్రమూ పదహారే, క్రేట్ ముందు చక్రమూ పదహారే. ఒకదానికి స్ప్రింగు ప్రాణావసరం, అయినా అది గొట్టంలో దాగింది. రెండోదానికి అంత అవసరం లేదు, అయినా అది అందరికంటే ముందు ఎండలో మెరిసింది. పని జరగడం చాలనుకున్న ఇంజనీరు స్ప్రింగును దాచాడు. పని జరగడం కనపడాలనుకున్న కంపెనీ దాన్ని బయట పెట్టింది, పిల్లలు ఆ పక్షాన చేరారు. కొండ పక్కనే గుట్టను నిలబెట్టి కొలిచినట్టు ఇంత సూటిగా పోల్చే అవకాశం సాంకేతిక చరిత్రలో తరచుగా దొరకదు.

ఇంజనీర్లు వేసే ప్రశ్న ఇంకా కఠినమైనది. స్ప్రింగు నలిగి ఊరుకోదు, తిన్న దెబ్బను తిరిగి ఇస్తుంది. ఆ తిరుగుదెబ్బను మింగడానికి నూనె ఉండాలి. స్ప్రింగర్‌లో నూనె లేదు, బోల్టుల దగ్గర రాపిడి మాత్రమే ఉంది. బోల్టు బిగిస్తే ఫోర్కు మొద్దుబారుతుంది, వదులు చేస్తే లొటలొటలాడుతుంది, ఆ రెండింటి మధ్య చోటు సన్ననిది, అదీ బుష్ అరిగేకొద్దీ జరిగిపోతుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి తొక్కితే బలం కొంత స్ప్రింగుకే ధారపోయాలి. పైగా బరువు. ఫాంటమ్ లాంటి సైకిలు ఇరవై కిలోలు దాటుతుంది. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండ దారుల్లో దూకుడుగా దిగిన కుర్రాళ్ళు పాత ష్విన్ ఫ్రేములే తీసుకున్నారు, లావు టైర్లే ఉంచుకున్నారు, ట్యాంకులూ మడ్‌గార్డులూ పీకి పారేశారు. మౌంటెన్ బైకు అలా పుట్టింది. దానికి నిజంగా సస్పెన్షన్ కావలసి వచ్చిన రోజున, 1989లో, పాల్ టర్నర్ తెచ్చిన రాక్‌షాక్స్ ఆర్ఎస్-1లో గాలీ నూనే గొట్టాల్లో దాగి ఉన్నాయి. ఆ మరుసటేడు కొలరాడోలోని డురాంగోలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిలుకు ఉన్నది రాక్‌షాక్స్ ఫోర్కే. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఈ లెక్క ప్రకారం స్ప్రింగర్ 1989నాటికి మ్యూజియంలో ఉండాలి. కానీ ఏడాది ముందే, 1988లో, హార్లే డేవిడ్‌సన్ నలభై ఏళ్ళ కింద వదిలేసిన స్ప్రింగర్‌ను టెఫ్లాన్ బుష్‌లతో కొత్తగా తీర్చిదిద్ది సాఫ్టెయిల్ బండికి మళ్ళీ బిగించింది. చేతిలో టెలిస్కోపిక్ ఉండి కూడా ఆ పని చేసింది. ఐస్‌లాండ్‌లో లౌఫ్ కంపెనీ చేసే ఫోర్కు ఇంకో ఉదాహరణ. దాని కొసన ఫైబర్ ఆకు స్ప్రింగులు పలచగా వేలాడతాయి, బోల్టులు లేవు, నూనె లేదు, తేలికగా ఉంటుంది. తెరిచి ఉంచిన ముందు ఫోర్కు తప్పుడు యంత్రమేమీ కాదని ఆ రెండూ చెబుతాయి. ఐతే ఇక్కడ రెంటినీ నా పక్షానికి లాగను. లౌఫ్ బరువు తగ్గించడానికి పుట్టింది, కోరికకు పుట్టలేదు. హార్లే సంగతి మాత్రం నా మాటకు గట్టి సాక్ష్యం.

మన దేశంలో పని సైకిళ్ళకు స్ప్రింగు ముందుకు రాలేదు, సీటు కిందే ఉండిపోయింది. బర్మింగ్‌హామ్ బ్రూక్స్ తోలు సీటు వరసలో మన నల్ల సైకిళ్ళకూ తోలు సీటు, దాని కింద రెండు లావు చుట్టలు. ఆ సైకిలు మీద బియ్యం బస్తాలు, పాల క్యాన్లు, గడ్డిమోపులు, వెనక ఇంకో మనిషి. హ్యాండిలుకు రెండువైపులా క్యాన్లు తగిలించుకున్నవాడికి ముందు ఫోర్కు ఊగడం కంటే కష్టం లేదు. కడ్డీ గట్టిగా నిలిచి, తన వెన్నుకు మాత్రం కాస్త మెత్తదనం ఉంటే చాలు. పని సైకిలుకూ కల సైకిలుకూ ఉన్న తేడా ఇక్కడ చాలా బాగా కనిపిస్తుంది, అమెరికా ఫోర్కు ఏ అవసరాన్నుంచి పుట్టలేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

బయటికి కనపడే యంత్రం విప్పడానికి పిలుస్తుంది. స్ప్రింగర్ తర్వాతి చరిత్ర అంతా ఆ పిలుపు అందుకున్నవాళ్ళది, వాళ్ళలో ఎక్కువమంది కర్మాగారం మొహం చూడనివాళ్ళు. 1960ల్లో పొడుగాటి ముందు ఫోర్కుల చాపర్ మోటారు సైకిళ్ళు చూసిన అమెరికా పిల్లలు పాత సైకిలు ఫోర్కు కాళ్ళు కోసి తమ ఫోర్కు కొసలకు సుత్తితో దిగగొట్టుకున్నారు. అవి ఊడినప్పుడు ముందు పళ్ళూ ఊడేవి, ఆ ప్రమాదం చిన్నది కాదు. 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వం సైకిలు భద్రతకు నియమాలు పెట్టడం న్యాయమే, ఫ్రేము పైకడ్డీ మీద పొడుచుకొచ్చిన గేరు కర్రలు పోయింది అప్పుడే. క్రేట్ సైకిళ్ళు 1973తోనే ఆగిపోయాయి. అక్కడినుంచి స్ప్రింగు ఫోర్కు తూర్పు లాస్ ఏంజెలెస్ వీధుల చేతికి వచ్చింది. అక్కడి మెక్సికన్ అమెరికన్ కుటుంబాల యువకులు కార్లను నేలకు తాకేంత కిందికి దించి, రంగులు పొరలుపొరలుగా పూసి, విటియర్ బులెవార్డ్ మీద నెమ్మదిగా ఊరేగించేవారు. కారు కొనే వయసు రాని తమ్ముళ్ళు అదే పనితనం స్టింగ్‌రే ఫ్రేము మీద చూపారు. ముఖమల్ సీటు, 144 స్పోకుల చక్రం, అన్నిటికంటే ముందు ఫోర్కు.

వాళ్ళు ఆ ఫోర్కును ఎందుకు ఎంచుకున్నారన్నది నా వాదానికి కీలకం. టెలిస్కోపిక్ ఫోర్కు చేయాలంటే వెంట్రుక తేడా లేని గొట్టాలు, నూనె కారని సీళ్ళు కావాలి. స్ప్రింగర్‌కు కడ్డీ, బోల్టు, వెల్డింగు, చేతి ఓపిక చాలు. చదరపు కడ్డీని ఎర్రగా కాల్చి, ఒక కొస వైసులో బిగించి, రెండో కొసను రెంచితో తిప్పితే కడ్డీ ఒంటి నిండా మెలిక పడుతుంది. మన ఇళ్ళ కిటికీ గ్రిల్లుల్లో, గేట్లలో మెలికలు తిరిగిన కడ్డీలు చేసే పద్ధతి అదే. ఒకే తిప్పులో పడిన మెలికలన్నీ సమాన దూరంలో ఉండాలి. ఒకచోట వేడి ఎక్కువైతే అక్కడ మెలిక గుమిగూడుతుంది, ఆ కడ్డీ చెత్తలోకి పోవలసిందే. అలా తీసిన కడ్డీలను జతగా వంచి, క్రోమ్ పూత పోయించి, ముందు కాళ్ళుగా బిగిస్తారు. కాళ్ళను లోపలికి వంచిన బెంట్ స్ప్రింగర్ అయితే సైకిలు మూతి ఇంకా కిందికి దిగుతుంది. 1990ల్లో ఈ సైకిళ్ళకే ప్రత్యేకంగా ఒక పత్రిక వచ్చింది, ఫోర్కులు కర్మాగారాల్లో టోకున తయారై తపాలాలో ఇంటికి చేరాయి. టోకు సరుకు వచ్చాక చేతిపని చచ్చిపోతుందని భయపడినవాళ్ళు పొరబడ్డారు. కొన్న ఫోర్కును అలాగే వాడేవాళ్ళు తక్కువ. విప్పుతారు, ఒక కడ్డీ మారుస్తారు, బోల్టుకు గొడుగు మూత చేయిస్తారు, మళ్ళీ బిగిస్తారు.

ఆఖరి అభ్యంతరం ఇక్కడే ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. వీటిలో చాలా ఫోర్కులు అసలు కదలవని అంటారు. నిజమే. మెలికల అందం కోసం కొందరు స్ప్రింగును రాయిలా బిగిస్తారు, కొందరు దాని చోట మెలిపెట్టిన గట్టి కడ్డీ పెడతారు. స్ప్రింగే లేనిది స్ప్రింగర్ ఎలా అవుతుంది? కుదుపు కొలబద్దతో చూస్తే అవదు. కానీ ఆ సైకిలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూసిన మనిషి దాని చేతులు ఎటు తిరగాలో, ముందు కాలు ఎక్కడ తోసుకోవాలో, దెబ్బ ఎక్కడికి చేరాలో ఒక్క మాట అడక్కుండా చెప్పగలడు. కదలకపోయినా కదలిక దారి మొత్తం బయట పరిచి ఉంది. అందుకే ఆ సైకిళ్ళను పోటీలకు తెచ్చినప్పుడు నేల మీద ఊరికే నిలబెట్టరు. మెల్లగా తిరిగే పీట మీద ఎక్కించి, కింద అద్దం పరుస్తారు. చక్రం కింద, ఇరుసు పక్కన, ఇనుప చేయి మలుపు తిరిగే చోట క్రోమ్ పూసిన బోల్టు తల ఒకటి ఆ అద్దంలో పీట తిరిగినప్పుడల్లా ఒకసారి మెరుస్తుంది.